ఎక్స్‌రేకు రెండో కన్ను

విజ్ఞాన శాస్త్రం సామాన్య మానవునికి అందాలని ప్రతి సభలోనూ వింటుంటాం. ఇటువంటి సంచికల్లో ఏటా ఎవరో ఒకరు రాస్తూనే వుంటారు. అందులో కాదనవలసింది ఏమీ లేదు. కాని ఎక్కడ, ఏ వేళకు, ఎవరి చేతికి అందాలి అన్న ప్రశ్న వేసుకోకుండా ఆ మాట అంటే అది పండుగ శుభాకాంక్షల వంటిదే అవుతుంది. అందుచేత నేను ఒకే ఒక్క విషయం తీసుకుంటున్నాను. ఎక్స్‌రే బొమ్మలో విరిగిన ఎముకను కంప్యూటరు చేత కనిపెట్టించడం. అది సాధ్యమా అన్న ప్రశ్న ఇప్పుడు లేదు, సాధ్యమేనని తేలింది. మిగిలినవి రెండే ప్రశ్నలు. ఆ యంత్రాన్ని ఎక్కడ పెట్టాలి? అది చెప్పిన మాటకు ఎంత విలువ ఇవ్వాలి? ఈ రెండింటి మీద నాకు గట్టి అభిప్రాయం వుంది. అది క్లాసు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, మా ఇంట్లోంచి వచ్చింది.

మాది పల్నాడులో మిరప పండించే వూరు. రెండేళ్ల కిందట మార్చి నెలలో కల్లం దగ్గర మిర్చి టిక్కీలు ట్రాక్టరుకు ఎత్తుతూ మా నాన్న కాలు జారి పైనుంచి పడ్డాడు. పడేవాడు ఎవడైనా ముందు చెయ్యి ఆనిస్తాడు గదా. కుడి అరచెయ్యి ఆనించాడు. మణికట్టు వాచింది. దగ్గరి పట్నంలోని ఆసుపత్రికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఎక్స్‌రే తీశారు. డ్యూటీలో వున్నది ఒక్క డాక్టరు. ఆయన ముందు ఒక కాన్పు కేసు, ఒక పురుగుమందు కేసు, మా వెనక ఇంకా పదిమంది. ఫిల్మును ట్యూబులైటు కేసి ఎత్తి పట్టుకుని చూశాడు. "ఎముకేం విరగలేదు పెద్దాయనా, బెణికింది. కట్టు వేస్తాను, ఈ మాత్రలు వేసుకో" అన్నాడు. హమ్మయ్య అనుకుని ఇంటికి వచ్చాం.

ఆ ఒక్క మాట మా ఇంట్లో శాసనమైంది. నొప్పి తగ్గలేదని మా అమ్మ పోరుతూనే వుంది. "డాక్టరే విరగలేదన్నాడుగా, నీదొక గోల" అని మా నాన్న కల్లం పని చేస్తూనే వున్నాడు. నెలన్నర గడిచాక పార పట్టుకోలేక గుంటూరు వెళ్లాడు. అక్కడి ఎముకల డాక్టరు కొత్త ఎక్స్‌రే తీయించి, "మొదట తీసిన ఫిల్ము వుందా?" అని అడిగాడు. దాన్ని వెలుగు పెట్టె మీద పెట్టి పెన్ను మొన ఆనించి చూపించాడు. "ఇదుగో, ఇక్కడ, వెంట్రుకంత గీత. తెలిసి వెతికితే కనపడుతుంది, హడావిడిలో తప్పిపోతుంది. నొప్పి తగ్గకపోతే పదిరోజుల్లో మళ్లీ రమ్మని చెప్పినా సరిపోయేది" అన్నాడు.

విరిగినది స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక. బొటనవేలు చాపితే దాని మొదట్లో ఒక గుంట పడుతుంది. ఆ గుంట అడుగున వుంటుంది. దీనికి రక్తం ఎక్కువ భాగం వేళ్ల వైపు కొస నుంచే ఎముకలోకి ప్రవేశించి వెనక్కు ప్రవహిస్తుంది. నడుమ విరిగితే, కాలవకు గండి పడినప్పుడు చివరి భూములు ఎండినట్లు, ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది అతకదు. ఒక్కొక్కప్పుడు ఆ ముక్క చచ్చిపోతుంది కూడా. మా నాన్నకు ఆపరేషన్ చేసి మర బిగించారు. ఇప్పటికీ ఆ మణికట్టు పూర్తిగా వంగదు. కౌలుకు చేస్తున్న రెండెకరాలు వదులుకున్నాం.

ఆ రాత్రి డాక్టరును నేను తిట్టుకోను. ఆయనకు వున్నవి రెండే కళ్లు, అవీ ఉదయం నుంచి అలసిన కళ్లు. తప్పంతా ఆయన ఒంటరిగా వుండడంలో వుంది. ఆ ఫిల్మును మరెవరైనా మరొక్కసారి చూసివుంటే? నా వ్యాసానికి పుట్టుక ఈ ప్రశ్నే.

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతి ఎముకలను ఉంగరంతో సహా ఫోటో తీశాడు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. తన ఆవిష్కరణకు పేటెంటు తీసుకోలేదు, అది లోకానిదన్నాడు. అటు తర్వాత బొమ్మ తీసే పని ఎంతో ముందుకు పోయింది. 1971లో లండనులో మొదటి రోగికి సి.టి. స్కాను తీశారు. దానికి 1979లో హౌన్స్‌ఫీల్డు, కార్మాక్ నోబెల్ పంచుకున్నారు. ఐతే బొమ్మను చూసే పని మాత్రం చాలాకాలం మనిషి కంటికే మిగిలిపోయింది. తీసే యంత్రం చిన్న పట్నాల దాకా వచ్చింది, చూసే నిపుణుడు రాలేదు. ఫిల్ము రాత్రి తొమ్మిదికి కూడా తయారవుతుంది, దాన్ని చదివే రేడియాలజిస్టు ఎక్కడో జిల్లా కేంద్రంలో నిద్రపోతుంటాడు.

ఇక్కడ కంప్యూటరు ఏం చేయగలదు? నేటి డిజిటల్ ఎక్స్‌రే నిజానికి ఒక అంకెల పట్టిక. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క అంకె. చాలా యంత్రాల్లో 12 బిట్లు వాడతారు గనుక నలుపు నుంచి తెలుపు దాకా 4096 ఛాయలు వుంటాయి. పక్క పక్క అంకెల మధ్య తేడా ఎక్కడ హఠాత్తుగా పెరిగితే అక్కడ ఒక అంచు వున్నట్లు. 1968 నాటి సోబెల్ పద్ధతిలో మూడు వరుసలు, మూడు నిలువుల చిన్న గళ్లను బొమ్మంతా జరుపుతూ ఈ తేడాలను లెక్క కడతారు. వెలుగు చీకట్లను రెండుగా విడదీసే హద్దు ఎక్కడ పెట్టాలో 1979లో జపానుకు చెందిన ఓత్సు చెప్పాడు. బొమ్మలోని మసకను ముందుగా తగ్గించి, సన్నని అంచులను తెగకుండా పట్టే పద్ధతిని 1986లో కానీ అనే ఆయన ఇచ్చాడు. ఇవి మన డిగ్రీ విద్యార్థి ఎవరైనా ఒక సాయంత్రంలో రాయగల లెక్కలే.

మాకు ఈ పాఠం చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇంట్లో దాచిన ఆ ఫిల్మే. సెలవులకు వెళ్లి తెచ్చాను. హాస్టలు కిటికీకి తెల్లకాగితం అంటించి, దాని మీద ఫిల్ము ఆనించి ఫోటో తీసి, సోబెల్ లెక్క కట్టాను. అన్నిటికంటే గట్టిగా వెలిగినది ఏమిటనుకున్నారు? కుడిచెయ్యి అని తెలియడానికి ఫిల్ము మూలన పెట్టిన 'ఆర్' అక్షరం! ఆ తర్వాత ముంజేతి ఎముకల అంచులు. డాక్టరు పెన్ను ఆనించిన చోట ఏమీ లేదు. తేడా హద్దు తగ్గించి చూశాను. అప్పుడు ఆ గీత వచ్చింది. దానితో పాటు ఎముక లోపలి పోగులన్నీ గీతలై వచ్చి బొమ్మంతా గడ్డివామిలా తయారైంది.

నాకు నిరాశ కలిగినా ఒక సంగతి అర్థమైంది. అంచు వేరు, విరుపు వేరు. వేసవిలో నల్లరేగడి నేల చూడండి. నాగలి చాలు గీతే, గట్టు గీతే, నెర్రె గీతే. మా నాన్న గట్టున నిలబడి ఏది ఏదో చెప్పగలడు, ఎందుకంటే ఆయన ముప్ఫై వేసవులు చూశాడు. ఎముకలోనూ అంతే. రక్తనాళం దూరే దారి గీతలా కనబడుతుంది. ఒక ఎముక మీద మరో ఎముక నీడ పడితే గీత. పిల్లల ఎముకల చివర పెరుగుదల జరిగే చోట నల్లని గీత సహజంగానే వుంటుంది. అది తెలియని యంత్రం వూళ్లోని పిల్లలందరి చేతులూ విరిగాయంటుంది. అందుకని గీతలు వెతకడం చాలదు, చూసి చూసి నేర్చుకోవాలి.

కొలతలను బట్టి ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చడం మన తెలుగువారికి కొత్త విద్య కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి. ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి చేసిన పని ఏమిటంటే, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన పాత ఎముకల కొలతలను విశ్లేషించడం. ఇటువంటి వర్గీకరణ మీద ఆయన 1948లో ప్రచురించిన పత్రం గణాంకశాస్త్రంలో పేరెన్నికగన్నది. నేటి న్యూరల్ నెట్‌వర్కులు చేసేదీ స్థూలంగా వర్గీకరణే. తేడా ఏమిటంటే ఏ కొలతలు తీసుకోవాలో కూడా అవే వేల బొమ్మల నుంచి నేర్చుకుంటాయి. 2012లో ఈ పద్ధతి మామూలు ఫోటోలను గుర్తించే పోటీలో ఘన విజయం సాధించాక వైద్యరంగం వారి దృష్టి దీని మీద పడింది.

2018లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయం వారు మ్యూరా అనే పేరుతో చేతి ఎముకల ఎక్స్‌రేలు 40,561 అందరికీ విడుదల చేశారు. వాటితో నేర్చిన వారి యంత్రం వేళ్లు, మణికట్టు విషయంలో మంచి డాక్టర్లకు దీటుగా నిలిచింది. మోచెయ్యి, భుజం దగ్గర వెనుకబడింది. అదే సంవత్సరం అచ్చయిన మరో పరిశోధనలో అత్యవసర విభాగం డాక్టర్ల చేత మణికట్టు ఎక్స్‌రేలు ఒకసారి సొంతంగా, ఒకసారి కంప్యూటరు సాయంతో చదివించారు. విరిగినవాటిలో సొంతంగా పట్టుకున్నది నూటికి 80.8, సాయంతో 91.5. అంటే విరిగిన నూరు చేతుల్లో తప్పిపోయేవి పందొమ్మిది నుంచి ఎనిమిదీ తొమ్మిదికి తగ్గాయి. విరగని చేతిని విరిగిందనడం కూడా నూటికి 12.5 నుంచి 6.1కి తగ్గింది. ఈ లెక్కలో చూడవలసింది ఏమిటంటే, గెలిచినది యంత్రం కాదు, యంత్రం పక్కన కూర్చున్న డాక్టరు. 2024 అక్టోబరులో ఇంగ్లండులో నైస్ అనే ప్రభుత్వ సంస్థ కూడా ఇటువంటి నాలుగు పనిముట్లను అత్యవసర విభాగాల్లో, డాక్టరుకు తోడుగా, వాడిచూడవచ్చని ముసాయిదా సిఫార్సు చేసింది.

ఇక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. యంత్రానికి అనుమానం లేవనెత్తే అధికారం ఇవ్వాలి, అనుమానాన్ని కొట్టివేసే అధికారం ఇవ్వకూడదు. "ఇక్కడ మళ్లీ చూడండి" అని అది గీసిన చతురస్రానికి విలువ ఇవ్వాలి. "ఏమీ లేదు" అన్న దాని మాటకు మాత్రం ఏ విలువా ఇవ్వకూడదు.

ఎందుకంటే దాని "లేదు" చాలా ఇరుకైన మాట. 2018 మే నెలలో అమెరికా ప్రభుత్వం అనుమతించిన ఆస్టియోడిటెక్ట్ అనే పనిముట్టునే తీసుకోండి. అది వెతికేది ముంజేతి పెద్ద ఎముకకు మణికట్టు వైపున్న చివర విరిగిందా అని మాత్రమే. ఆ పనికి అది మంచిదే. కాని ఆ రాత్రి అదే గదిలో వున్నా మా నాన్న స్కాఫాయిడ్ దాని పనే కాదు, ఏ గుర్తూ పెట్టివుండేది కాదు. అలసిన డాక్టరు ఆ ఖాళీ తెర చూసి "మిషన్ కూడా లేదంటోంది" అనివుంటే మా ఇంట్లో శాసనానికి రెండో సంతకం పడినట్లయ్యేది.

రెండో కారణం, ఈ యంత్రాలు మనం నేర్పని సంగతులు కూడా నేర్చుకుంటాయి. తుంటి విరుపును కనిపెట్టే ఒక యంత్రాన్ని అమెరికా పరిశోధకులు 2019లో పరీక్షించారు. అది ఎముకతో పాటు, బొమ్మ ఏ మిషన్ మీద తీశారు, అత్యవసరమని రాశారా లేదా వంటి సంగతులను కూడా ఆనవాళ్లుగా పట్టుకున్నట్లు తేలింది. ఆ తేడాలన్నీ సరిసమానం చేసి పరీక్షిస్తే దాని తెలివి ఇంచుమించు నాణెం ఎగరేసిన స్థాయికి పడిపోయింది. అక్కడి ఆసుపత్రిలో నూటికి తొంభై మార్కులు తెచ్చుకున్నది మా పట్నంలో, మా పాత మిషన్ మీద, మిరపచేల చేతుల మీద ఎన్ని తెచ్చుకుంటుందో ఇక్కడ పరీక్షిస్తేగాని తెలియదు.

మార్కులను గురించి మన విద్యార్థులకు ఇంకో మాట. పొరుగున బంగ్లాదేశ్ వారు మూడు ఆసుపత్రుల నుంచి 4,083 ఎక్స్‌రేలు సేకరించి, విరిగినచోట గుర్తులు పెట్టి, ఫ్రాక్‌అట్లస్ పేరుతో 2023లో ఉచితంగా అందరికీ ఇచ్చారు. అభినందించదగ్గ పని. అందులో విరుపు వున్నవి 717. ఇప్పుడు ఏ బొమ్మా చూడకుండా అన్నిటికీ "విరగలేదు" అని చెప్పే మూర్ఖపు యంత్రాన్ని ఊహించండి. దానికి నూటికి 82 మార్కులు వస్తాయి! కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో "ఖచ్చితత్వం 95 శాతం" అని రాసినంత మాత్రాన చప్పట్లు కొట్టకండి. విరిగినవాటిలో ఎన్ని తప్పిపోయాయని అడగండి. ఒకే రోగి బొమ్మలు నేర్పేటప్పుడూ పరీక్షించేటప్పుడూ కూడా వున్నాయా అని అడగండి. అలా వుంటే అది ప్రశ్నపత్రం ముందే చూసి రాసిన పరీక్ష.

ఈ సంగతి హాస్టల్లో చెబితే ఒక మిత్రుడు కోప్పడ్డాడు. "ముందు డాక్టర్ల ఖాళీలు నింపమని అడగాలిగాని మిషన్ పెట్టమంటావేంట్రా? రేపు మిషన్ వుందిగా అని డాక్టరును కూడా తీసేస్తారు." ఈ భయాన్ని నేను కొట్టిపారేయను, అది న్యాయమైన భయం. నా జవాబు ఇది. ఖాళీలు నింపాలి, అందులో రాజీ లేదు. కాని రేడియాలజిస్టు తయారు కావడానికి పన్నెండో తరగతి తర్వాత సుమారు పదేళ్లు పడుతుంది. ఈలోగా రాత్రిళ్లు ఎవరూ పడకుండా వుండరు గదా. అందుకనే యంత్రాన్ని నిపుణుడు వున్న పెద్ద ఆసుపత్రిలో అలంకారంగా పెట్టడం కాక, నిపుణుడు లేని చిన్న ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీలో ముందు పెట్టమంటున్నాను. డాక్టరు కుర్చీలో కాదు, ఆయన పక్కన.

దానికి కొన్ని షరతులు వుండాలి. రాత్రి తీసిన ప్రతి బొమ్మా, యంత్రం గుర్తు పెట్టినా పెట్టకపోయినా, మర్నాడు ఉదయం జిల్లా ఆసుపత్రిలోని నిపుణుడు చూడాలి. ఫోను సౌకర్యం వున్న ఈ రోజుల్లో తేడా కనబడితే రోగిని వెనక్కు పిలవడం కష్టమేమీ కాదు. యంత్రం ఏ ఎముకలను చూడగలదో, వేటిని చూడలేదో గదిలో గోడ మీద తెలుగులో రాసి వుంచాలి. రోగి చేతికిచ్చే చీటీ మీద "నొప్పి తగ్గకపోతే పదిరోజుల్లోగా మళ్లీ రండి" అన్న ఒక్క వాక్యం అచ్చు వేయాలి. తప్పు జరిగితే బాధ్యత సంతకం చేసిన మనిషిదీ, ఆ యంత్రాన్ని అక్కడ పెట్టిన యాజమాన్యానిదీ కావాలిగాని "కంప్యూటరు అలా చెప్పింది" అని తప్పించుకునే వీలు వుండరాదు. నేర్పడానికి బొమ్మలు తీసుకునేటప్పుడు పేర్లు తొలగించి, రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పి ఒప్పుదల తీసుకోవాలి. 2023లో దేశానికి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది.

ఈ ఆలోచనంతా సంక్రాంతి సెలవుల్లో మా నాన్నకు చెప్పాను. లాప్‌టాప్‌లో నేను గీయించిన గడ్డివామి బొమ్మ చూసి నవ్వాడు. తర్వాత, "అది ఏమీ లేదంటే ఇంక ఎవరూ చూడరా? మళ్లా చూసేవాడు ఒకడు వుండొద్దా?" అన్నాడు. పైన మొదటి షరతుగా రాసింది ఆయన మాటే.

మన కళాశాలలో ప్రతి ఏడూ ఎన్నో ప్రాజెక్టులు జరుగుతాయి. వాటిలో కొన్ని డబ్బిచ్చి కొనుక్కొచ్చినవని మనందరికీ తెలుసు. రిపోర్టుకు బైండింగు వేయించి, వైవా అయ్యాక బీరువాలో పెడతాం. దానికి బదులు రెండేళ్లపాటు ఒక్క పని పట్టుకుందాం. పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లయినవారు తమ ఆసుపత్రుల్లోని పాత మణికట్టు ఎక్స్‌రేలను, పేర్లు తీసేసి, అనుమతితో ఇప్పించాలి. ప్రతి బొమ్మనూ ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి గుర్తు పెట్టాలి. ఉచితంగా దొరికే యంత్రాలను వాటి మీద మనం పరీక్షించాలి. ఎన్ని పట్టుకుందో మాత్రమే కాదు, ఎన్ని తప్పిందో, ఏ ఎముకలో తప్పిందో పట్టిక వేసి వచ్చే సంవత్సరం ఇదే సంచికలో అచ్చు వేయాలి. పెద్ద కంప్యూటర్లు అక్కరలేదు, కొత్త యంత్రం కనిపెట్టనక్కరలేదు. ఉన్నదాన్ని మన చేతుల మీద పరీక్షించి నిజం చెబితే చాలు.

గణిత, భౌతిక, కంప్యూటర్ శాఖల అధ్యాపకులు ఈ పనికి పెద్దరికం వహించాలని, విద్యార్థి సంఘం తొలి సమావేశంలోనే దీన్ని చర్చకు పెట్టాలని కోరుతున్నాను. మొదటి ఫిల్ము నేనిస్తాను. మా నాన్న ఒప్పుకున్నాడు.

(వ్యాసకర్త తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)